నల్లద్దం కూడా మూఢనమ్మకమే!

నిరుడు ఏప్రిల్‌లో ఒక సాయంత్రం మా న్యూ సెటిల్‌మెంట్‌లో టీ కొట్టు దగ్గర కూర్చుని ఉన్నాను. పక్క వీధి కుర్రాడు డ్యూటీ దిగి వస్తున్నాడు. రైలు పట్టాల మీద పని. కళ్ళకి కొత్త నల్లద్దాలు. కూరల బండి దగ్గర బేరమాడుతున్న ఒకావిడ వాడిని చూసి రెండడుగులు వెనక్కి వేసింది.

"ఏటిరా, కళ్ళకలకొచ్చిందేటి? నాకేసి సూడకు బాబూ, పిల్లలున్న ఇల్లు మాది!"

"కలక కాదు పిన్నీ, ఎండకి."

"ఎండకా! మీ నాన్న, మీ తాత ఏటెట్టుకున్నార్రా? సినిమా ఏక్టరైపోయావేటి?"

కొట్టు దగ్గరున్న వాళ్ళంతా నవ్వారు. కుర్రాడు కూడా నవ్వేసి, అద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. నేనూ నవ్వాను. ఇంటికి వచ్చాక సిగ్గేసింది. నలభై ఏళ్ళుగా హేతువాదినని చెప్పుకుంటూ తిరుగుతున్నాను. నా కళ్ళ ముందే ఒక మనిషి సరైన పని చేస్తుంటే పదిమంది నవ్వి మాన్పించారు. ఆ పదిమందిలో నేనొకణ్ణి.

న్యూ సెటిల్‌మెంట్ తెలియని వాళ్ళకి ఒక ముక్క. ఇది పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే ఊళ్ళో ఒక పేట. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచీ శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి వచ్చిన తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఈ ఊళ్ళో ఉంటున్నాయి. వర్క్‌షాప్‌లోనో, యార్డులోనో, పట్టాల మీదో పని. వచ్చేటప్పుడు భాష తెచ్చుకున్నాం, పండగలు తెచ్చుకున్నాం, వాటితో పాటు నమ్మకాలు కూడా మూట కట్టుకుని తెచ్చుకున్నాం. ఎండకీ కంటికీ సంబంధించిన నమ్మకాలు ఆ మూటలో చాలా ఉన్నాయి. ఇవాళ అది విప్పుతాను. అయితే ముందే చెబుతున్నాను: భక్తులని నాలుగు తిట్టి సంతోషపడదామని వచ్చినవాళ్ళకి కొంచెం నిరాశ తప్పదు. ఈసారి చీవాట్లలో సగం మనకే.

చూపుతో అంటుకునే జబ్బు

మా పేటలో నల్లద్దాలు పెట్టుకోవడానికి ముగ్గురికే అనుమతి. కళ్ళకలక వచ్చినవాడికి, కంటి ఆపరేషన్ అయినవాడికి, సినిమా హీరోకి. ఇందులో మొదటిది శుద్ధ మూఢనమ్మకం. కలక వచ్చినవాడి కళ్ళలోకి చూస్తే మనకీ అంటుకుంటుందని, నల్లద్దం అడ్డం ఉంటే అంటుకోదని. 'దృష్టి'కి ఇది తోబుట్టువు. దిష్టిబొమ్మని నమ్మనివాడు కూడా దీన్ని నమ్ముతాడు. చదువుకున్నవాళ్ళు మరీ!

1971లో బంగ్లాదేశ్ యుద్ధం నాడు, శరణార్థులు లక్షలాదిగా వచ్చిన రోజుల్లో, పశ్చిమ బెంగాల్‌లో కళ్ళకలక విపరీతంగా పాకింది. బెంగాలీలు దానికి 'జొయ్ బంగ్లా' అని పేరు పెట్టారు. అంతకు రెండేళ్ళ ముందు, 1969లో, ఇదే రకం జబ్బు ఆఫ్రికాలోని ఘనాలో వచ్చింది. అక్కడివాళ్ళు దాన్ని 'అపోలో 11 జబ్బు' అన్నారు. చంద్రుడి మీద మనిషి కాలు పెట్టడం, తమ కళ్ళు ఎర్రబడడం ఒకే కాలంలో జరిగాయి కనక! ఒకదాని వెంట ఒకటి వస్తే మొదటిది కారణం, రెండోది ఫలితం అనేసుకోవడం మనిషికి ఎంత సులువో చూడండి.

అసలు కారణం వైరస్. అది చూపుతో రాదు. చేతులతో, తువ్వాళ్ళతో, దిండు గలేబులతో వస్తుంది. 2023 జులై, ఆగస్టుల్లో దేశమంతా కళ్ళకలక వచ్చినప్పుడు కూడా జనం నల్లద్దాలు కొన్నారు గాని, సబ్బుతో చేతులు కడుక్కోవడం గుర్తు పెట్టుకున్నవాళ్ళు తక్కువ. కలక వచ్చినవాడు నల్లద్దం పెట్టుకుంటే వెలుతురు పొడవకుండా వాడికి కాస్త హాయిగా ఉంటుంది, మాటిమాటికీ కళ్ళు నులుముకోకుండా ఉంటాడు. అంతవరకే దాని పని. ఎదుటివాడికి అది రక్షాకవచం కాదు.

అంటే మా పేటలో నల్లద్దం ఏ పనికి పనికిరాదో ఆ పనికి వాడుతున్నారు. ఏ పనికి పనికొస్తుందో ఆ పనికి పెట్టుకుంటే నవ్వుతున్నారు.

'చలువ' అద్దాలా?

మన తెలుగులో వీటికి ఒక చక్కటి పేరుంది: చలువద్దాలు. చక్కటిదే, కానీ తప్పుడు పేరు. ఎండ కంటికి చేసే చెరుపు 'వేడి' అని, అద్దం 'చలవ' చేస్తుందని ఆ పేరు చెబుతుంది. కన్ను ఎర్రబడితే వేడి, నీరు కారితే వేడి, పుసి పడితే వేడి. అన్నిటికీ ఒకే కారణం చెప్పే సిద్ధాంతం దేనికీ కారణం చెప్పనట్టే.

ఎండలో మనకి కనిపించే వెలుగు ఉంది, చర్మానికి తెలిసే వేడి ఉంది, ఈ రెండూ కాని అతినీలలోహిత కిరణాలు ఉన్నాయి. వాడుకలో యూవీ అందాం. దీని తరంగదైర్ఘ్యం 400 నానోమీటర్ల లోపు. భూమి దాకా వచ్చేవాటిలో 315 నుంచి 400 దాకా ఉన్నది యూవీ-ఏ, 315 లోపుది యూవీ-బీ. ఇవి కంటికి కనిపించవు, ఒంటికి వెచ్చగా తగలవు. కాబట్టి "ఇవాళ ఎండ అంత లేదులే" అని ఒంటితో కొలిచే కొలత ఇక్కడ పనిచెయ్యదు. పల్చటి మబ్బు వేడిని తగ్గిస్తుంది గాని యూవీలో చాలా భాగాన్ని వదిలేస్తుంది.

దీనికి తిరుగులేని రుజువు హిమాలయాల్లో ఉంది. అక్కడ ఒళ్ళు గడ్డకట్టే చలి. అయినా అద్దాలు లేకుండా మంచు మీద నడిచినవాడికి సాయంత్రానికి కళ్ళలో ఇసుక పోసినట్టు మంట, నీరు, కొంతసేపు కన్ను తెరవలేని స్థితి. మంచు గుడ్డితనం అంటారు. కొత్త మంచు తన మీద పడిన యూవీలో 80 శాతం దాకా తిప్పి కొడుతుంది. మరి ఆ కళ్ళు కాలింది ఏ 'వేడి'కి? మా ఊళ్ళో ఇదే జబ్బు వెల్డింగ్ పనివాళ్ళకి బాగా తెలుసు. ముసుగు లేకుండా ఆర్క్ చూస్తే అప్పటికప్పుడు ఏమీ కాదు, కొన్ని గంటలు పోయాక అర్ధరాత్రి లేచి కూర్చుంటారు. హిమాలయాల్లో ఎండ, వర్క్‌షాప్‌లో ఆర్క్. నేరస్థుడు మాత్రం ఒకడే.

ఇప్పుడు అసలు మాట. వెలుగుని ఆపడం వేరు, యూవీని ఆపడం వేరు. అద్దం నలుపు మొదటి పని చేస్తుంది. రెండో పని అద్దం దేనితో చేశారు, దానిలో ఏం కలిపారు, పైన ఏం పూశారు అన్నదాని మీద ఆధారపడుతుంది. రంగుకి ఆ సంగతి తెలియదు. పాలీకార్బనేట్ అనే ప్లాస్టిక్ నీళ్ళలా తెల్లగా ఉండి కూడా యూవీని దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. కటిక నల్లగా ఉన్న గాజు యూవీ-ఏని లోపలికి వదలొచ్చు. నల్లగా ఉంది కాబట్టి కాపాడుతుందనుకోవడం, ఎర్రగా ఉంది కాబట్టి తాయెత్తు పనిచేస్తుందనుకోవడం లాంటిదే.

నా పరీక్ష, నా పరాభవం

సిగ్గుపడి ఊరుకోలేదు. మర్నాడు ఆ కుర్రాడిని పిలిచాను. వాడి నల్లద్దాలు, ఫుట్‌పాత్ మీద కొన్నవి, ఖరీదు 120 రూపాయలు. నావి రిటైర్మెంటుకి చాలా ముందు కొనుక్కున్న ఆకుపచ్చ గాజు అద్దాలు, ఆ రోజుల్లో బాగా ఖరీదైనవి. మూడోది, వర్క్‌షాప్‌లో లేత్ దగ్గర పెట్టుకునే తెల్ల పాలీకార్బనేట్ కళ్ళజోడు, ఒక మిత్రుడి దగ్గర అడిగి తెచ్చాను. మూడూ పట్టుకుని యూవీ మీటరున్న కళ్ళద్దాల షాపుకి వెళ్ళాం.

వెళ్ళే ముందు నా జోస్యం కాగితం మీద రాసి కుర్రాడి చేతిలో పెట్టాను. జోస్యం చెప్పే హక్కు జ్యోతిష్కులకే కాదు కదా! ఫుట్‌పాత్ అద్దం తప్పుతుంది, నా గాజు అద్దం పాసవుతుంది, తెల్లది పాసవుతుంది. ఇదీ నేను రాసింది.

ఫుట్‌పాత్ అద్దం పాసైంది. తెల్లది పాసైంది. మూడింట్లోకీ నల్లగా, బరువుగా, దర్జాగా ఉన్న నా అద్దం తప్పింది. మీటరు దీపం దానిలోంచి తగినంత దూసుకుపోతూనే ఉంది.

మూడు జతలతో సిద్ధాంతం చెయ్యను. కానీ నా జోస్యం ఎందుకు తప్పిందో చెప్పగలను. నల్లద్దాన్ని నమ్మేవాళ్ళని వెక్కిరిస్తూనే, 'ఖరీదైనదైతే మంచిది' అనే ఇంకో నమ్మకాన్ని నేను జేబులో పెట్టుకు తిరుగుతున్నాను. చవక అద్దాల్లో చాలావరకు యూవీని బాగానే ఆపుతాయని, ధరకీ యూవీ రక్షణకీ సంబంధం పెద్దగా లేదని కొలిచి చూసినవాళ్ళు చెబుతూనే ఉన్నారు. నేను పట్టించుకోలేదు. మీటరుకి నా చదువు, నా సభ్యత్వం తెలియవు.

ఆ షాపులోనే ఇంకో తమాషా చూశాను. పక్క బల్ల దగ్గర ఒక సేల్స్‌మన్ ఒక తండ్రికి తన టార్చి విద్య చూపిస్తున్నాడు. ఊదారంగు కిరణం ఒక కార్డు మీద పడుతుంది. మధ్యలో 'బ్లూ కట్' అద్దం పెట్టగానే ఆగిపోతుంది. తండ్రి ముఖం విప్పారింది, పిల్లాడికి ఆ అద్దాలే కొన్నాడు. విభూతి తీసే బాబాకీ దీనికీ తేడా ఏమిటి? ఆ కిరణం కంటికి కనిపిస్తోందంటేనే అది మనం ఆపవలసిన యూవీ కాదని అర్థం! అలాంటి టార్చిలు సాధారణంగా 405 నానోమీటర్ల దగ్గర వెలుగుతాయి. ఆ అద్దం ఆ కిరణాన్ని ఆపిన మాట నిజమే. కంప్యూటరు చూస్తే కళ్ళు అలిసిపోకుండా కాపాడుతుందన్న మాట మాత్రం నిలబడలేదు. 2023లో కోక్రేన్ సంస్థ 17 పరీక్షలని కలిపి చూసి, కంటి అలసట తగ్గడంలో మామూలు అద్దాలతో పోలిస్తే స్వల్పకాలంలో చెప్పుకోదగ్గ లాభం కనిపించలేదని తేల్చింది.

అరసవిల్లి మొక్కు

మా నాన్న గ్యాంగ్‌మన్. నలభై దాటాక ఆయన కుడి కంట్లో ముక్కు వైపు నుంచి ఎర్రటి కండ ఒకటి నల్లగుడ్డు మీదికి పాకడం మొదలైంది. మనవాళ్ళు దుర్మాంసం అంటారు. ఇంట్లో తీర్పు ఒకటే: "ఏడి సేసింది." నందివర్ధనం పువ్వులు కళ్ళ మీద వేశారు. దాంతో నష్టం లేదు. చనుబాలు పిండారు. తర్వాత ఎవరో పసరు పోశారు. పుండు పడింది. ఆఖరికి అరసవిల్లి మొక్కుకున్నారు. కుటుంబమంతా రైలెక్కి ఆమదాలవలసలో దిగి సూర్యనారాయణ స్వామిని చూసి వచ్చాం. కంటి జబ్బులు, చర్మ జబ్బులు ఆయన పోగొడతాడని మా వైపు నమ్మకం.

ఆ గుడిలో మార్చిలో, అక్టోబరులో కొన్ని రోజులు సూర్యకిరణాలు గర్భగుడిలోకి వెళ్ళి విగ్రహాన్ని తాకుతాయి. భక్తులు మహిమ అంటారు. గుడి కట్టిన దిక్కు, సూర్యుడు ఏ రోజు ఎక్కడ ఉదయిస్తాడన్న లెక్క. ఆ లెక్క వేసిన శిల్పులకి నేను నమస్కారం పెడతాను. ఏడాదికి రెండుసార్లు సూర్యుడు ఒకే చోట ఉదయిస్తాడని గమనించి రాళ్ళు పేర్చినవాడు నిజమైన పరిశీలకుడు. కానీ ఆ సూర్యుడే మా నాన్న కంటిని పాడు చేస్తున్నాడని ఆ గుడి మెట్ల మీద మాకు చెప్పేవాళ్ళు లేకపోయారు. జబ్బు పెట్టినవాడి దగ్గరికే మందు కోసం వెళ్ళాం!

దుర్మాంసం ఎక్కువగా ముక్కు వైపే ఎందుకు వస్తుంది? పక్క నుంచి పడే ఎండని కంటి ముందున్న గుండ్రటి కార్నియా భూతద్దంలా వంచి, ముక్కు వైపు అంచు మీద ఒక చోటికి చేరుస్తుంది. ఆస్ట్రేలియాలో కంటి డాక్టర్ కొరోనియో దీన్ని వివరించాడు. ఆంధ్రప్రదేశ్‌లో 1996 నుంచి 2000 వరకు ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి వాళ్ళు పది వేలమందికి పైగా జనాన్ని పరీక్షించిన పెద్ద సర్వేలో కూడా దుర్మాంసం ఆరుబయట పనిచేసేవాళ్ళలో ఎక్కువగా తేలింది. రైతు, కూలీ, గ్యాంగ్‌మన్.

మరి శుక్లం సంగతి? ఇక్కడ జాగ్రత్తగా మాట్లాడాలి, మనం హేతువాదులం కాబట్టి. శుక్లానికి పెద్ద కారణం వయసు. చక్కెర జబ్బు, పొగ తాగడం, స్టెరాయిడ్ మందులు కూడా కారణాలు. ఎండ వాటా కొంత. 1988లో వెలువడిన ఒక అధ్యయనంలో అమెరికాలో చెసపీక్ అఖాతం మీద చేపలు, పీతలు పట్టే 838 మంది పడవవాళ్ళని పరీక్షించారు. ఒక్కొక్కరి జన్మలో కంటికి ఎంత యూవీ-బీ తగిలిందో లెక్క కట్టారు. అది రెట్టింపైతే కార్టికల్ రకం శుక్లం ముప్పు 1.6 రెట్లైంది. లెన్స్ నడిమధ్య వచ్చే న్యూక్లియర్ రకానికి అలాంటి సంబంధం కనిపించలేదు. శుక్లంతో చూపు పోయినవాళ్ళలో 10 శాతం దాకా ఎండ వాటా ఉండొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. "ఎండకి వెళ్తే గుడ్డివాళ్ళవుతారు" అని భయపెట్టడం ఎంత అబద్ధమో, "ఎండ కన్నునేం చేస్తుంది" అనడం అంత అబద్ధం.

మా నాన్న కంటికి చివరికి ఆపరేషన్ జరిగింది. కండ తీశారు. పసరు పెట్టిన పుండు మచ్చ మాత్రం కార్నియా మీద ఉండిపోయింది. ఆయన పోయేదాకా ఆ కంటితో పేపరు చదవలేదు.

సూర్యుడిని కళ్ళారా చూడండి అనేవాళ్ళు

ఇంకో జాతి ఉంది. ఉదయాన్నే సూర్యుడిని కన్నార్పకుండా చూస్తే చూపు మెరుగవుతుందని, కళ్ళజోడు పారేయొచ్చని చెప్పే గురువులు. వీళ్ళకి చెప్పవలసిన జవాబు కేరళలో ఉంది. 2008లో కొట్టాయం జిల్లాలో ఆకాశంలో మేరీమాత రూపం కనిపిస్తోందన్న పుకారు పుట్టింది. జనం సూర్యుడి వైపు చూస్తూ నిలబడ్డారు. సుమారు 50 మంది రెటీనా కాలి ఆసుపత్రుల్లో చేరారని వార్తలొచ్చాయి. ఈ విషయంలో సూర్యుడికి మతం పట్టింపు లేదు.

ఇందులో ఘోరం ఏమిటంటే రెటీనాకి నొప్పి తెలియదు. వేలు కాలితే వెనక్కి లాక్కుంటాం. రెటీనా కాలుతుంటే ఏమీ తెలియదు. కొన్ని గంటల తర్వాత, చూసిన చోటల్లా నడిమధ్య ఒక మసక చుక్క. కొందరికి అది నెలల మీద తగ్గుతుంది. కొందరికి ఉండిపోతుంది.

ఇప్పుడు మన వంతు

1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం కర్ణాటక, ఆంధ్ర, ఒరిస్సాల మీదుగా వెళ్ళింది. ఉస్మానియా వాళ్ళు జపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీలో పరిశోధనలు చేస్తుంటే, జనం తలుపులు బిడాయించుకుని కూర్చున్నారు. 1995 అక్టోబర్ 24న ఇంకోటి బెంగాల్‌లో డైమండ్ హార్బర్ మీదుగా వెళ్ళింది. మా ఊళ్ళో సూర్యుడు దాదాపు మొత్తం మూసుకుపోయాడు. ఆ రోజు నేను న్యూ సెటిల్‌మెంట్ పిల్లలని పోగేసి, గర్భిణీ స్త్రీలు కత్తి పట్టుకోకూడదన్న మాట అబద్ధమని చెప్పి, అందరికీ మిఠాయి పెట్టి, ఆ చేత్తోనే ఎక్స్‌రే ఫిల్మ్ ముక్కలు పంచాను! "దీనిలోంచి చూడండి, ఏమీ కాదు" అన్నాను.

ఎవరు చెప్పారు నాకు ఏమీ కాదని? ఎవరూ చెప్పలేదు. ఫిల్మ్ నల్లగా ఉంది. అంతే నా శాస్త్రం. ఎక్స్‌రే ఫిల్మ్ నలుపు ఒక్కో దాంట్లో ఒక్కోలా ఉంటుంది, ఒకే ఫిల్మ్‌లో ఎముక ఉన్నచోట తేటగా ఉంటుంది, కంటికి కనిపించని పరారుణ కిరణాలకి దారి ఇస్తుంది. అది గ్రహణానికి తగిన ఫిల్టరు కాదు. ఆ పిల్లల్లో ఎవరికీ ఏమీ అయినట్టు వినలేదు. కానీ ఏమీ కాకపోవడం నా అదృష్టం, నా రుజువు కాదు. మొక్కుకున్నాక జబ్బు తగ్గిందనేవాడితో మనం ఆడే వాదం ఇదే కదా?

ఇప్పటికీ మనలో కొందరు గ్రహణం రోజు నల్లద్దాలు పెట్టుకుని పైకి చూస్తూ ఫోటోలు దిగుతారు. లెక్క చూడండి. గ్రహణం చూసే అద్దం ప్రమాణం ప్రకారం వెలుగులో 0.0032 శాతానికి మించి వదలకూడదు. మామూలు మంచి నల్లద్దం 8 నుంచి 18 శాతం వదులుతుంది. 10 శాతం అనుకున్నా 3 వేల రెట్లు ఎక్కువ! ఎండలో నడవడానికి చేసిన అద్దం సూర్యుడిని చూడడానికి చేసిన అద్దం కాదు. రోజూ ఎండలో పనిచేసేవాడిని నల్లద్దం పెట్టుకున్నందుకు నవ్వుతాం, గ్రహణం నాడు అదే అద్దంతో సూర్యుడిని చూసి 'శాస్త్రీయ దృక్పథం' అంటాం. రెండూ తలకిందులే.

ఇంకా పెద్ద తప్పు ఇంకోటి ఉంది. గ్రహణం ఎప్పుడో ఒకసారి వస్తుంది, కొన్ని నిమిషాలు ఉంటుంది. ఆ రోజు మనం వడలు తిని, గుడి తలుపులు మూశారని నవ్వి, ఇంటికి వెళ్ళి నిద్రపోతాం. మిగతా రోజుల్లో మా పేట మగాళ్ళ కళ్ళ మీద, కంకర మీద, పట్టాల మీద పడే సూర్యుడి గురించి మనం ఒక్క సభ పెట్టామా? దేవుడు లేడని నిరూపించడం సరదాగా ఉంటుంది. గ్యాంగ్‌మన్ కంట్లో దుర్మాంసం గురించి మాట్లాడితే చప్పట్లు రావు.

'పేదవాడికి కళ్ళజోడా?'

ఈ మాట అనేవాళ్ళు మన సంఘంలో కూడా ఉన్నారు. సన్‌గ్లాసెస్ అంటే బూర్జువా ఫ్యాషన్ అట. వాళ్ళకి చరిత్రలోంచి ఒక మనిషిని చూపిస్తాను. సర్ విలియం క్రూక్స్, ఇంగ్లండు రసాయన శాస్త్రవేత్త. గాజు కొలుముల దగ్గర పనిచేసే కూలీలకి చిన్న వయసులోనే శుక్లాలు వస్తుంటే, రాయల్ సొసైటీ కమిటీ తరఫున ఆయన 300కు పైగా గాజు మిశ్రమాలు తయారు చేసి కొలిచి చూశాడు. కొలిమి వేడి కిరణాలని, యూవీని ఆపుతూ వెలుగుని వదిలే గాజు కోసం. 1913లో ఫలితాలు రాయల్ సొసైటీ ముందు పెట్టాడు. అంటే కొలిచి చేసిన రక్షణ కళ్ళద్దం బీచిలో పడుకునేవాడి కోసం పుట్టలేదు, కొలిమి ముందు నిలబడ్డవాడి కోసం పుట్టింది.

ఈ క్రూక్సే దెయ్యాలని పిలిచే ఫ్లారెన్స్ కుక్ అనే మీడియంని నిజమని నమ్మి రాశాడు. గాజుని కొలిచాడు, నిలిచింది. మీడియంని సరిగ్గా కొలవకుండా నమ్మాడు, బోల్తా పడ్డాడు. మనిషి ఒకడే. మనం నమ్మవలసింది మనిషిని కాదు, కొలతని. నా 1995 ఎక్స్‌రే ఫిల్మ్‌కి కూడా ఇదే తీర్పు.

సరే, ఏం చెయ్యాలి? నాలుగు మాటలు.

ఒకటి, కొనేటప్పుడు నలుపు చూడకండి, ధర చూడకండి. యూవీ 400 అని రాసి ఉందా చూడండి. రాత కూడా ఒక మాటే, అందుకని మీటరున్న షాపులో ఒకసారి పెట్టించి చూడండి. ఒక్క నిమిషం పని.

రెండు, అద్దం ఆకారం ముఖ్యం. దుర్మాంసం తెచ్చే ఎండ పక్క నుంచి వస్తుంది. కాబట్టి కణతల దాకా చుట్టుకునే అద్దాలు మేలు. వెడల్పు అంచు టోపీ పెడితే కంటికి చేరే యూవీలో సగం దాకా తగ్గుతుంది. సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు కనుబొమ్మలు కొంత అడ్డుపడతాయి. పొద్దున తొమ్మిది, పది మధ్య, మధ్యాహ్నం రెండు దాటాక సూర్యుడు నేరుగా కళ్ళలోకి వస్తాడు. మధ్యాహ్నం పన్నెండింటికే జాగ్రత్త చాలనుకోకండి.

మూడు, రంగు సిగ్నళ్ళు, జెండాలు చూడవలసినవాళ్ళు రంగు అద్దాల జోలికి వెళ్ళకూడదు. ఎరుపు, పసుపు తేడా తెలియకపోతే పోయేవి ప్రాణాలు. వాళ్ళకి, చీకటి వెలుగుల్లోకి మారుతూ తిరిగే పనివాళ్ళకి తెల్ల పాలీకార్బనేట్ అద్దమే దారి. వంద రూపాయల చుట్టుపక్కల దొరుకుతుంది. ఎగిరిపడే కంకర ముక్క నుంచి కూడా కాపాడుతుంది.

నాలుగు, పిల్లలని ఇంట్లో బంధించకండి. ఆరుబయట ఆడుకునే పిల్లలకి హ్రస్వదృష్టి తక్కువగా వస్తుందని పరిశోధనలు చెబుతున్నాయి. వాళ్ళకి టోపీ పెట్టి పంపండి. సూర్యుడు దేవుడూ కాదు, రాక్షసుడూ కాదు. ఒక నక్షత్రం. దాని వెలుగులో మనకి కావలసినవీ ఉన్నాయి, అక్కర్లేనివీ ఉన్నాయి.

"మా తాత ఎండలోనే బతికాడు, తొంభై ఏళ్ళకి సూదిలో దారం ఎక్కించాడు" అని ఎవరో ఒకరు లేస్తారని తెలుసు. ఆ తాతతో పాటు పనిచేసి, కన్ను పోయి, గుమ్మంలో కూర్చుని చనిపోయిన తాతల గురించి ఎవరూ గొప్పగా చెప్పుకోరు. అందుకే మనకి మొదటి తాతే గుర్తుంటాడు.

ఆ పక్క వీధి కుర్రాడు ఇప్పుడు తెల్లద్దాలు పెట్టుకుని డ్యూటీకి వెళ్తున్నాడు. తెల్లవి కనక ఎవరూ నవ్వడం లేదు, కలక అనుకుని ఎవరూ వెనక్కి జరగడం లేదు. నాకు సంతోషమే, కానీ తృప్తి లేదు. వాడు నల్లద్దం పెట్టుకున్నా నవ్వకూడని పేట కావాలి నాకు. మన సంఘం తరపున ఈ ఎండాకాలంలో మా పేటలో ఒక సభ పెడదామని అడుగుతున్నాను. నాలుక మీద కర్పూరం వెలిగించే ప్రదర్శన ఈసారి వద్దు. ఒక బల్ల, ఒక యూవీ మీటరు చాలు. ఎవరి కళ్ళజోడు వాళ్ళు తెచ్చి పెట్టి చూసుకుంటారు. ముందుగా నా ఆకుపచ్చ గాజు అద్దాలే పెడతాను, తప్పుతున్నాయని అందరికీ చూపిస్తాను.